ఆర్మీ జిప్సీ కొంటున్నారా? ధర అడిగే ముందు ఫారం 21 అడగండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా చందంపేట మండలం. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, వాగు దాటినంక మా బత్తాయి తోట ఉంది. వానకాలంల ట్రాక్టర్ తప్ప వేరే బండి పోదు. మిలిటరీ వాళ్లు వాడి అమ్మేసిన మారుతి జిప్సీ కొందామనుకుంటున్న. రెండు చూసిన. ఒకటి సికింద్రాబాద్‌ల ఒక వ్యాపారి దగ్గరుంది, 2008 మోడల్, 2,90,000 చెప్తున్నడు. వేలం కాగితాలున్నయట, రిజిస్ట్రేషన్ తర్వాత చేయిస్తనంటున్నడు. రెండోది 2007 మోడల్, పంజాబ్ నంబరు మీదుంది, 4,40,000. ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆఫీసు ఇచ్చే ‘అభ్యంతరం లేదు’ పత్రం) తెప్పిస్తనంటున్నడు. ఏది కొనాలె? తోట పనికి, అప్పుడప్పుడు హైదరాబాద్ పోయి రావడానికి పనికొస్తదా?

సమాధానం: సికింద్రాబాద్ బండి వద్దు. పంజాబ్ నంబరు బండి కొనొచ్చు. కానీ కాగితాలు చేతికొచ్చాక, ముందు యాక్సిల్‌ను జాకీ మీద లేపి చూశాక మాత్రమే. ఈ రెండింట్లో ఎక్కడ తేడా కనిపించినా బేరం మానుకోండి. తొందరేం లేదు. మామూలు కొనుగోలుదార్లకు మారుతి జిప్సీ తయారీ 2019లో ఆగిపోయినా, అప్పటికే సివిల్ నంబరు మీదకు వచ్చిన పాత బండ్లు చేతులు మారుతూనే ఉంటాయి.

రెండు బండ్ల మధ్య లక్షన్నర తేడా ఎందుకుందో ముందు చూడాలి. అది ఇంజన్‌కో టైర్లకో కాదు, రిజిస్ట్రేషన్‌కు. మిలిటరీ వాహనాలకు మనలా ఆర్‌సీ ఉండదు, రక్షణ శాఖ వాటిని తన సొంత నంబర్లతో నడుపుతుంది. సైన్యం తీసేశాక వాటిని సాధారణంగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ పెట్టే ఆన్‌లైన్ వేలంలో అమ్ముతారు. కొన్న మనిషి ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి కొత్త బండిలాగే మొదటిసారి రిజిస్టర్ చేయించుకోవాలి. దానికి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 47వ రూలు ఒక కాగితాన్ని పేరుపెట్టి అడుగుతుంది. అదే ఫారం 21, అంటే ఆర్మీ అధికారి ఇచ్చే అమ్మకపు సర్టిఫికెట్. అసలు ప్రతే ఉండాలి, జిరాక్స్ పనికిరాదు. వేలం గెలిచినట్టు ఉన్న ఈమెయిలు, డబ్బు కట్టిన రసీదు, డిపో నుంచి బండి బయటకు తెచ్చిన గేట్ పాసు... వ్యాపారులు చూపించే ‘వేలం కాగితాలు’ ఎక్కువగా ఇవే. ఇవన్నీ ఉన్నా ఫారం 21 లేకపోతే బండికి నంబరు రాదు.

ఫారం 21 చూపిస్తే కూడా దాన్ని లైను లైనూ చదవండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తయారైన నెల, ఏడాది, సిలిండర్ల సంఖ్య, ఇంధనం, సీట్లు, ఖాళీ బండి బరువు, రంగు, బాడీ రకం అందులో ఉంటాయి. కొనుగోలుదారు పేరు ఎవరిదో చూడండి. వేలంలో చాలాసార్లు పది పదిహేను బండ్లను ఒకే లాటుగా ఒక పెద్ద వ్యాపారి ఎత్తుతాడు. ఆయన నుంచి ఇంకొకరికి, వాళ్ల నుంచి మీ సికింద్రాబాద్ వ్యాపారికి తెల్లకాగితం మీద చేతులు మారి ఉంటుంది. ఫారంలో ఉన్న పేరు నుంచి మీ పేరు దాకా ప్రతి అమ్మకానికీ ఆర్టీఏ రుజువు అడుగుతుంది. మధ్యలో ఒక్క మనిషి సంతకం దొరక్కపోయినా ఫైలు అక్కడే ఆగుతుంది.

దీనికంటే పెద్ద చిక్కు వయసు. కేంద్ర రవాణా శాఖ 2023 జనవరి 16న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు. వాటిని గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రాలకు పంపి తుక్కు చేయించాలి. దేశ రక్షణ, శాంతిభద్రతల పనుల్లో వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది, కానీ అది ఆ పనిలో ఉన్నంతవరకే అక్కరకొస్తుంది. 2008 బండికి 2023లోనే పదిహేనేళ్లు నిండాయి. అది ఆ తర్వాత వేలానికి వచ్చిందంటే తుక్కు కిందే అమ్మి ఉండే అవకాశం ఎక్కువ. తుక్కు కింద కొన్న బండికి టింకరింగ్ చేయించి, రంగు వేయించి, బండి పేరుతో అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నదే. అమ్మకపు ఉత్తర్వులో ‘స్క్రాప్’ అనే మాట ఎక్కడ కనిపించినా అది రోడ్డెక్కదని అర్థం చేసుకోండి. విడిభాగాలకు తప్ప దేనికీ పనికిరాదు.

‘నంబరు లేకపోతే ఏం, తోటలోనే తిప్పుకుంటారు కదా’ అని వ్యాపారి అంటాడు. ఒప్పుకోకండి. మీ ఇంటి నుంచి తోటకు నాలుగు కిలోమీటర్ల దారి ఉంది, అది పబ్లిక్ దారే. రిజిస్ట్రేషన్ లేని బండిని పబ్లిక్ స్థలంలో నడపకూడదని మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్. మొదటిసారి పట్టుబడితే 5,000 రూపాయల దాకా జరిమానా, రెండోసారి 10,000 దాకా జరిమానా లేదా ఏడాది దాకా జైలు. బండిని సీజ్ కూడా చేయొచ్చు. జరిమానా కట్టి బయటపడొచ్చు గానీ, నంబరు లేని బండికి ఇన్సూరెన్స్ దొరకదు, అసలు గండం అది. తోటకు కూలీలను ఎక్కించుకుని పోతుంటే బండి పల్టీ కొట్టిందనుకోండి, ఆ కుటుంబాలకు కట్టాల్సిన పరిహారం మొత్తం మీ పొలం మీద పడుతుంది.

ఇక పంజాబ్ బండి. మిలిటరీ జిప్సీ ఒకటి అక్కడ సివిల్ నంబరు తెచ్చుకుందంటే మొదటి గండం దాటినట్టే. కానీ పంజాబ్, హర్యానా నుంచి వచ్చే జీపుల్లో ఒక మోసం ఉంటుంది. ఒక బండి కాగితాల మీద ఇంకో బండి తిరుగుతుంటుంది. చాసిస్ మీద నంబరున్న ముక్కను కోసి వేరే చాసిస్‌కు అతికిస్తారు, లేదా పాత అంకెలు అరగదీసి కొత్తవి గుద్దుతారు. చూడటం కష్టమేం కాదు. నంబరున్న చోట బురద, గ్రీజు కిరసనాయిలుతో కడిగించి, తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చాసిస్ ప్రింట్ తీయండి. అంకెల ఎత్తు, లోతు, మధ్య దూరం ఒకే తీరులో ఉండాలి. చుట్టుపక్కల వెల్డింగ్ గీత, గ్రైండర్ గీతలు, అక్కడొక్కచోటే మందంగా వేసిన నల్లరంగు కనిపిస్తే ఇక మిగతాది చూడక్కర్లేదు. మారుతి చాసిస్ నంబరు ఎంఏ3తో మొదలవుతుంది. ఆ ప్రింట్‌ను ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకోండి.

అది నిజంగా ఆర్మీ బండేనా అన్నది కూడా బండే చెబుతుంది. కింద పడుకుని వెనక డిఫరెన్షియల్, అంటే యాక్సిల్ మధ్యలో గేర్లుండే గుండు చూడండి. రాత్రి లైట్లు ఆర్పేసి వరుసగా వెళ్లేటప్పుడు వెనక బండి డ్రైవర్‌కు కనిపించాలని దానికి తెల్లరంగు వేసి, మీద చిన్న దీపం పెడతారు. దీపం పీకేసినా తెల్లరంగు పొర, వైరు పట్టిన క్లిప్పు మిగిలి ఉంటాయి. చక్రాల పైన బాడీ మీద గాలి ఒత్తిడి రాసిన ‘టీపీ’ అక్షరాలు కొత్త రంగు కింద ఉబ్బెత్తుగా చేతికి తగులుతాయి. ఎక్కడైనా పైకి చూసే బాణం గుర్తుతో పాత ఆర్మీ నంబరు కనిపిస్తే, బాణం తర్వాతి రెండంకెలు సైన్యంలోకి వచ్చిన ఏడాది. 2007 మోడల్ అని చెప్పి అక్కడ 99 కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే.

ఎంపరివాహన్ యాప్‌లో పంజాబ్ నంబరు కొట్టి యజమాని పేరు, ఇంధనం, ఫిట్‌నెస్ ఎప్పటి దాకా ఉంది, ఫైనాన్స్ బాకీ, బ్లాక్‌లిస్ట్ అన్నీ చూడండి. ఆర్‌సీ చెల్లుబాటు తేదీ ముఖ్యం. అది దాటిపోయిన బండికి అక్కడ రెన్యువల్ కాకుండా ఎన్‌వోసీ తెప్పిస్తానంటే నమ్మకండి. రెన్యువల్ ఒకసారికి ఐదేళ్లే ఇస్తారు. 2025 ఆగస్టులో పెంచిన ఫీజుల ప్రకారం, 15 నుంచి 20 ఏళ్ల మధ్య ఉన్న కారు తరగతి బండికి 5,000, 20 ఏళ్లు దాటితే 10,000. 2007 బండికి 2027లో ఇరవై నిండుతాయి, కాబట్టి పెద్ద ఫీజు మీరే కట్టాల్సి రావచ్చు. దీన్ని బేరంలో పెట్టండి.

ఎన్‌వోసీ ఫారం 28 మీద, నల్లగొండ ఆఫీసు పేరు మీదే ఉండాలి. ‘హైదరాబాద్’ అని రాయిస్తే మళ్లీ తిరగాల్సి వస్తుంది. దాంతో పాటు ఆర్‌సీలో ఉన్న అసలు యజమాని సంతకాలతో పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30, ఆయన గుర్తింపు కార్డు నకలు, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకోండి. బాకీ తీరిన బండైతే బ్యాంకు ఇచ్చిన ఫారం 35 కూడా కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి లెక్కిస్తారు, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఎంతవుతుందో ఆర్‌సీ నకలు పట్టుకుని నల్లగొండ ఆర్టీఏ ఆఫీసులో ముందే అడిగి రాసుకోండి. డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. మూడో వంతు అడ్వాన్సు, ఇంకో మూడో వంతు ఎన్‌వోసీ అసలు ప్రతి చేతికొచ్చాక, మిగిలింది టీజీ 05 నంబరు పడ్డాక. ‘అట్లయితే అమ్మను’ అంటే ఎన్‌వోసీ మీద ఆయనకే నమ్మకం లేదన్నమాట.

ఇంకో రెండు సంగతులు కాగితాల కిందికే వస్తాయి. బండికి ముదురాకుపచ్చ మిలిటరీ రంగు ఉంటే ఉంచుకోవడానికి లేదు. రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఎవరికీ ఆ రంగు ఉండకూడదని 121వ రూలు. మార్చాక ఆ కొత్త రంగు ఆర్‌సీలో ఎక్కాలి. రెండోది ఇంజన్. జిప్సీ పెట్రోల్ బండి. మైలేజీ కోసం డీజిల్ ఇంజన్ ఎక్కించినవి చాలా తిరుగుతున్నాయి. ఆర్‌సీలో పెట్రోల్ ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే ఫిట్‌నెస్‌లో ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన రూపం మారేలా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన కమాన్లు, ఇనుప బంపర్లు చూసి మురిసిపోకండి.

కాగితాలు సరిగ్గా ఉన్నాయనుకుందాం. బండి చూడటానికి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజన్‌లో బయటపడే జబ్బును దాచారని అనుకోవాలి. మెకానిక్‌ను మీరే వెంట తీసుకెళ్లండి, ఫోర్ వీల్ డ్రైవ్ విప్పి బిగించిన అనుభవం ఉన్నవాణ్ని.

‘మిలిటరీ బండి, తక్కువ తిరిగింది, సర్వీసు బాగా చేస్తారు’ అన్న మాటలో సగమే నిజం. సర్వీసు నిజమే. కానీ ఈ బండ్లను తిరుగుడు కంటే నిలబడటమే ఎక్కువ దెబ్బ తీస్తుంది. యూనిట్‌లో పక్కన పెట్టిన నాటి నుంచి డిపో, వేలం, వ్యాపారి షెడ్డు దాకా నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఎండలో నిలబడి ఉంటుంది. ఆ కాలంలో రబ్బరన్నది ప్రతిదీ గట్టిపడుతుంది. ఆయిల్ సీళ్లు, బ్రేకు వాషర్లు, పెట్రోల్ గొట్టాలు, రేడియేటర్ హోసులు అన్నీ అంతే. కిలోమీటర్ల మీటరు చూడటం దండగ. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. ‘1412’ అని ఉంటే 2012లో 14వ వారం. గుబ్బలు కొత్తగా కనిపించినా పక్కగోడ మీద వెంట్రుకలాంటి పగుళ్లుంటే ఐదు టైర్లూ మార్చాల్సిందే.

ఇప్పుడు ముందు యాక్సిల్. జిప్సీలో డబ్బు తినేది ఇదే, అమ్మేవాడు దాచగలిగేదీ ఇదే. ముందు చక్రం లోపలి వైపు ఒక గుండ్రటి ఇనుప బంతి ఉంటుంది, చక్రం తిరిగినప్పుడు దాని మీద రబ్బరు, ఫెల్ట్ సీలు రాసుకుంటూ కదులుతుంది. ఆ బంతిని గుడ్డతో తుడవండి. నల్లటి చిక్కటి గ్రీజు పల్చని పొరగా ఉంటే మంచిదే. పల్చటి నూనె కారుతూ, గంధకం వాసన వస్తుంటే అది గేర్ ఆయిల్. లోపల యాక్సిల్ షాఫ్ట్ సీలు చచ్చింది, లేదా యాక్సిల్ మీద గాలి పోయే బ్రీదర్ మట్టితో మూసుకుపోయి, వేడికి పెరిగిన ఒత్తిడి ఆయిల్‌ను బయటికి నెడుతోంది. ఆ ఆయిల్ లోపలి గ్రీజును కడిగేస్తుంది, గ్రీజు పోయాక కింగ్ పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకు మళ్లే కీలు దగ్గరివి), ఆ తర్వాత చక్రం బేరింగులు తినేస్తాయి.

బేరింగుల సంగతి తేల్చాలంటే ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టి ఊపండి. టక్కుమని ఆడితే ఒక మనిషిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే చక్రం బేరింగుది, బిగిస్తే సరిపోవచ్చు. తొక్కినా ఆడుతోందంటే కింగ్ పిన్ బేరింగులది. అవి పక్కకు రెండు చొప్పున నాలుగు, మార్చితే నాలుగూ కలిపే మార్చాలి. ఇవి అరిగిన బండి 50, 60 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ చేతిలో నిలవనంతగా వణుకుతుంది. టై రాడ్ చివర్లు, కమాన్ బుష్షులు, బ్యాలెన్స్ లేని టైర్లు కూడా ఆ వణుకుకు తోడవుతాయి. కొందరు అసలు రోగం వదిలేసి స్టీరింగ్‌కు వణుకును అణచే డ్యాంపర్ బిగించి అమ్ముతారు. మీ బండికి కొత్త డ్యాంపర్ కనిపిస్తే జాకీ పరీక్ష ఇంకా గట్టిగా చేయండి.

తర్వాత హబ్బులు, అంటే ముందు చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌కు కలిపే, విడదీసే తాళాలు. రెండు ముందు చక్రాలూ లేపి, హబ్బులు ‘లాక్’లో పెట్టి, గేరును 2హెచ్‌లో (వెనక చక్రాలు మాత్రమే లాగేది) ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పితే యాక్సిల్ షాఫ్ట్ కూడా తిరగాలి. ‘ఫ్రీ’లో పెడితే చక్రం ఒక్కటే తిరగాలి. తిప్పుడు బిళ్ల బిగుసుకుపోయి కదలకపోతే లోపల తుప్పో బురదో ఉంది. కింద ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ అసలుందా లేదా చూడండి, శబ్దం వస్తోందని విప్పేసి పక్కన పెట్టిన బండ్లున్నాయి. 4హెచ్ (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగేది), 4ఎల్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) పరీక్ష మట్టి నేల మీదే చేయండి. జిప్సీకి మధ్య డిఫరెన్షియల్ లేదు, తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో వంపు తిప్పితే షాఫ్టులు ఒకదాన్నొకటి బిగపట్టుకుని గేరు బయటికి రానంటుంది, ఎక్కువ చేస్తే షాఫ్టుల కీళ్లలోని క్రాసులు విరుగుతాయి. 4ఎల్‌లో ఒక దిబ్బ ఎక్కించి సగంలో యాక్సిలరేటర్ వదలండి. లివర్ ఎగిరి న్యూట్రల్‌లో పడితే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) లోపల అరుగుదల ఉంది, లేదా దాన్ని పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు తెగాయి. మౌంట్లయితే చిన్న ఖర్చు, కింద పడుకుని చూస్తే తెలుస్తుంది.

రెండు డిఫరెన్షియళ్ల ఆయిల్ బిరడాలు విప్పించి వేలితో చూడండి. పాలు కలిపిన టీ రంగుంటే లోపలికి నీళ్లు చేరాయి, ఆ బండి వాగులో మునిగింది. తేనె రంగుంటే మంచిదే. బిరడాకు పట్టిన ఇనుప పొడి మెత్తగా ఉంటే సహజం, ముక్కలు తగిలితే పళ్లు విరుగుతున్నాయి.

ఇంజన్ గురించి ఇంత భయం అక్కర్లేదు. 1298 సీసీ జీ13 ఇంజన్ మారుతి ఎస్టీమ్‌లో కూడా వచ్చింది, సామాన్లు వనస్థలిపురం ఆటోనగర్‌లో దొరుకుతాయి. దొరకనివి, దొరికినా ఖరీదైనవి ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు యాక్సిల్ భాగాలే. కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, నాలుగు సిలిండర్లలోనూ కొలిపించండి. 200 పీఎస్ఐ దగ్గరుంటే బాగున్నట్టు, 170 కంటే తగ్గకూడదు, ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య 15 మించి తేడా ఉండకూడదు. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి, స్టార్ట్ చేసి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్. మన దగ్గర ఇంకో సంగతుంది. మన బోరు నీళ్లు గట్టివి, రేడియేటర్‌లో పోస్తే లోపల సున్నం పొర కడుతుంది. పంజాబ్‌లో చల్లగా నడిచిన బండి మన మే నెల ఎండలో, 4ఎల్‌లో గుట్ట ఎక్కేటప్పుడు ఉడుకుతుంది. రేడియేటర్ విప్పి, లోపలి గొట్టాల్లో కడ్డీ పోనిచ్చి శుభ్రం చేసే రాడ్డింగ్ చేయించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయించండి. ఆ తర్వాత దానికి బోరు నీళ్లు చూపించొద్దు.

తుప్పు కోసం డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ ఎత్తండి, విండ్‌షీల్డ్ ఫ్రేమ్ కింది అంచు, బాడీని చాసిస్‌కు పట్టే మౌంట్లు, వెనక కమాన్ కట్టలు వేలాడే బ్రాకెట్లు స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. బాడీ రేకు చిల్లు పడితే టింకరింగ్‌తో పోతుంది. బ్రాకెట్ దగ్గర చాసిస్ మెత్తబడితే ఆ బండి వద్దు.

కొన్న వారంలోనే చేయించాల్సినవి కొన్నున్నాయి, బాగా నడుస్తోంది కదా అని ఆపకండి. టైమింగ్ బెల్టు, టెన్షనర్ మార్చేయండి, పాతది ఎప్పుడు వేశారో ఎవరికీ తెలియదు. అది విప్పినప్పుడే వాటర్ పంపు కూడా. పెట్రోల్ గొట్టాలన్నీ కొత్తవి వేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రబ్బరును అది మెత్తబరిచి పగలగొడుతుంది, ఇంజన్ మీద పెట్రోల్ చెమ్మ కనిపిస్తే నిప్పు దగ్గరున్నట్టే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి, నెలల తరబడి నిలబెట్టేటప్పుడు 40 లీటర్ల ట్యాంకులో అడుగున కొంచెం ఉంచి వదిలేయకండి, లోపల తుప్పు పడుతుంది. ఆయిళ్లన్నీ మార్చండి. గేర్ బాక్సులో సుమారు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసులో 0.8, ముందు డిఫరెన్షియల్‌లో 2, వెనక 1.5 పడతాయి. బ్రేకు వాషర్లు, ఫ్లూయిడ్, క్లచ్ కేబుల్, ముందు యాక్సిల్ సీళ్లు ఆ వరసలోనే. టైర్లతో కలిపి వీటికి కొన్న ధరలో మూడో వంతు పక్కన పెట్టుకోండి. మీరు చూసిన బండికి అది లక్షన్నర దాకా అవుతుంది. మీ దగ్గరున్నది మొత్తం ఐదు లక్షలే అయితే, 4,40,000 పెట్టి కొనకండి. బేరం 3,50,000 దగ్గర తెగితే చూడండి, లేదంటే వదిలేయండి.

పని సంగతికొస్తే, జిప్సీ వాగు ఒడ్డు దాకా, చెల్కల్లో, గుట్ట దారిలో బ్రహ్మాండంగా పోతుంది. ఖాళీ బండి ఒక టన్నుకు లోపే ఉండటం, చక్రాల మధ్య దూరం తక్కువగా ఉండటం దాని బలం. అదే కారణంతో బరువు మోయలేదు. సైన్యంలోనూ ఇది అర టన్ను తరగతి బండే. బరువెక్కువ మోసే బండి కావాలనుకుని, 800 కిలోల తరగతిలో 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకు సైన్యం ఆర్డరిచ్చింది. బత్తాయి కాయ టన్నుల్లో దిగుతుంది, కోత రోజు ట్రాక్టర్ ట్రాలీయే మీకు దిక్కు. జిప్సీ పనికొచ్చేది మనిషి పోయి రావడానికి, మందుల డబ్బాలు, డ్రిప్పు పైపులు, మోటారు తీసుకెళ్లడానికి.

వాగు గురించి గట్టిగా చెప్పాలి. ఫోర్ వీల్ ఉందని నీళ్లు పారుతున్న కల్వర్టు మీదికి దింపకండి. టన్ను కూడా లేని బండిని అడుగున్నర లోతు పారే నీళ్లు పక్కకు నెట్టేస్తాయి, అప్పుడు నాలుగు చక్రాలకూ నేల అందదు. నిలిచిన నీళ్లైతే కర్రతో లోతు చూసి, చక్రం మధ్య భాగం దాటకుండా, 4ఎల్ మొదటి గేరులో ఆగకుండా దాటించండి. ఇసుకలో కూరుకుంటే ఎక్కువ రేసు చేయకుండా టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించండి, తారు ఎక్కే ముందు మళ్లీ నింపండి. బండి ఉంది కదా అని నల్లమల అడవి దారుల్లోకి తిప్పకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా దారి తప్పి నడపడం వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం.

హైదరాబాద్ ప్రయాణానికి ఇది సరైన బండి కాదు. ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ లేవు, పొట్టిగా ఎత్తుగా ఉండటంతో ఒక్కసారిగా స్టీరింగ్ కోస్తే పల్టీ కొట్టే గుణం ఉంది. వెనక ఎదురెదురు సీట్లలో పిల్లల్ని కూర్చోబెట్టి పెద్దరోడ్డు మీద తీసుకెళ్లొద్దు. లీటరుకు తొమ్మిది పది కిలోమీటర్లు వస్తే గొప్ప. దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయి రావడానికే 22 లీటర్లకు పైగా తాగుతుంది. పోవాల్సి వస్తే 70 దాటించకండి, హబ్బులు ‘ఫ్రీ’లో, లివర్ 2హెచ్‌లో ఉన్నాయో లేదో బయల్దేరే ముందు చూసుకోండి.

పంజాబ్ బండి బేరం కుదరకపోతే, మీ అవసరానికి ఇంకో దారి ఉంది. కాయ, మందులు, మనుషులు మూడూ ఒకే బండిలో పోవాలనుకుంటే మహీంద్రా బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్ పాతది, మన రాష్ట్రం నంబరు మీదున్నది వెతకండి. డీజిల్, మోసేది ఎక్కువ, సామాను దేవరకొండలోనే దొరుకుతుంది. అందులో ఫోర్ వీల్ లేనివే ఎక్కువ కనిపిస్తాయి. ముందు చక్రాల మధ్య డిఫరెన్షియల్ గుండు ఉందో లేదో కింద వంగి చూసుకుని, ఆ తర్వాత ధర మాట్లాడండి.